తూనీగలో తూగు

సందేహం: మాది అమలాపురం దగ్గర పల్లె. పెరట్లో నీళ్ల తొట్టి దగ్గర రెండు రకాల తూనీగలు వాలుతున్నాయి. ఒకటి లావుగా ఉండి రెక్కలు చాపుకుని కూర్చుంటుంది. ఇంకొకటి చీపురుపుల్లలా సన్నగా ఉంటుంది, వాలగానే రెక్కలు ముడిచేస్తుంది. రెంటినీ తూనీగే అనాలా? మా అబ్బాయి స్కూల్ ప్రాజెక్టుకి ఎవరో డ్రాగన్‌ఫ్లై అంటే ‘రాక్షస ఈగ’, డామ్‌సెల్‌ఫ్లై అంటే ‘కన్య ఈగ’ అని రాసిచ్చారు. ‘తూణీగ’ అని కూడా చూశాను. ఏది సరి?
– ఒక పాఠకురాలు

సమాధానం: అమ్మా, ముందు ఆ రాక్షసుణ్నీ కన్యనీ ప్రాజెక్టులోంచి కొట్టేయించండి. ఇంగ్లీషువాళ్లు ఆ పురుగులో డ్రాగన్‌ని చూశారు, అది వాళ్ల ముచ్చట. మన దొడ్లో తిరిగే పురుగుకి మనవాళ్లు ఎప్పుడో పేరు పెట్టుకుంటే, దాన్ని పక్కనపెట్టి పరాయి మాటను ముక్కలు చేసి తెలుగులోకి దించడం దేనికి? పిల్లలకి అర్థమయ్యే మాటను పిల్లల పుస్తకంలోంచే తరిమేస్తున్నాం. నాకు బాధ కలిగించేది ఇదే.

‘తూణీగ’ తప్పు. తూణీరంతో చుట్టరికం కలిపి ణ తగిలించారు. వెనక ఉన్న ఈగ అచ్చతెలుగు మాట, దాని ముందుకి సంస్కృతపు అమ్ములపొదిని లాక్కురానక్కర్లేదు.

అసలు మన భాషలో ఈగ అంటే ఇంట్లో ముసిరే ఈగ ఒక్కటే కాదు. తేనెటీగ, కందిరీగ, జోరీగ, తూనీగ... పారదర్శకమైన రెక్కలతో ఎగిరేవాటిలో ఎన్నిటినో ఈగ కిందకే చేర్చాం. శాస్త్రం ప్రకారం ఈగకి రెండే రెక్కలు, తూనీగకి నాలుగు, కాబట్టి రెండూ వేరు కుదుళ్లు. అయినా పేరులో తప్పు లేదు, పేరు పెట్టినవాళ్లు రెక్కలు లెక్కపెట్టలేదు, పురుగు ఏం చేస్తుందో చూశారు. తేనె చేసేది తేనెటీగ. జోరుమని రొద పెట్టేది జోరీగ.

జోరీగ అనగానే నాకు వేమన గుర్తుకొస్తాడు. “చెప్పులోన రాయి చెవిలోన జోరీగ” అన్నాడు. ఆ పాదం మెల్లగా చదవండి. చెప్పు, చెవి, తరవాత కన్ను, కాలు, చివరికి ఇల్లు. బాధలన్నీ వరసపెట్టి ఇంటిపోరు దగ్గరికి తీసుకొస్తాడు. రాయి, నలుసు, ముల్లు గుచ్చుకుని ఊరుకునేవి. వాటి మధ్య ప్రాణమున్నది జోరీగ ఒక్కటే, అదీ చెవిలో. అక్కడ ‘ఈగ’ అని ఊరుకుంటే రొద పోయేది. జోరీగ అనేసరికి మాటే చెవిలో మోగుతుంది. ఆటవెలది మొదటి పాదం చివర ఇంద్రగణం కావాలి, జోరీగ నిండు తగణం (గురువు, గురువు, లఘువు), అదీ ఇంద్రగణమే, చక్కగా సరిపోయింది. తూనీగ కూడా తగణమే. పద్యం రాసే పిల్లలుంటే వాడుకోవచ్చు.

ఇక తూనీగలో ‘తూని’ ఏమిటి? నా మనసు ‘తూగు’ వైపే తూగుతుంది. తూగు అంటే ఊగడం, తులతూగడం. తూగుటుయ్యాల, తూనిక అందులోంచి వచ్చినవే. తమిళంలో ‘తూంగు’ వేలాడడం, నిద్రపోవడం. కన్నడంలో మన తూగే. ఒకసారి మీ దండెం మీద వాలిన తూనీగను దగ్గరగా చూడండి. గాలికి తీగ ఊగితే అదీ ఊగుతుంది. రెండు పక్కలా రెండేసి రెక్కలు త్రాసుతట్టల్లా చాపి, ఒరిగిపోకుండా సరిపెట్టుకుంటుంది. తటాలున లేచి దోమను పట్టి, మళ్లీ తీగ మీద అదే చోటికి వస్తుంది. తూగు, ఈగ కలిస్తే మధ్యలో న ఎక్కడిదని మీరు అడగవచ్చు. తూనికలో ఉన్న న లాంటిదేనని నా ఊహ. ఊహ మాత్రమే, తీర్పు కాదు.

తుమ్మెద వేరు. తమిళంలో ‘తుంబి’ తుమ్మెదకీ తూనీగకీ చెల్లుతుంది, మలయాళంలో ఎక్కువగా తూనీగే. మనం మాత్రం తుమ్మెదను కవులకి ఇచ్చేశాం.

మీ రెండు పురుగులకీ తూనీగ అనే మాట సరిపోతుంది. తేడా చెప్పాలంటే రెక్కలతోపాటు కళ్లు కూడా చూడమనండి. లావుదానికి చాలా రకాల్లో రెండు కళ్లూ తల మీద కలిసిపోతాయి. సన్నదానికి తలకి చెరోవైపున విడిగా ఉంటాయి. సన్నదాన్ని తమిళులు ‘ఊసి తట్టాన్’, మలయాళీలు ‘సూచి తుంబి’ అంటారు, రెంట్లోనూ సూదే. మనమూ సూది తూనీగ అంటే హాయిగా ఉంటుంది.

వాటిలో ఒళ్లు పసుపుపచ్చగా, వీపు లేత ఆకుపచ్చగా ఉన్నది కనిపిస్తే అబ్బాయికి ప్రత్యేకంగా చూపించండి. దాని శాస్త్రీయ నామం సెరియాగ్రియాన్ కోరమాండెలియానమ్. అందులో కోరమాండెలియానమ్ అన్న ముక్క 1798లో ఫాబ్రిషియస్ అనే కీటక శాస్త్రవేత్త పెట్టినది. కోరమాండల్ అంటే చోళమండలం అని ఎక్కువమంది ఒప్పుకునే మాట. రాజమండ్రిలో ఆగే కోరమండల్ రైలు పేరూ అదే. మన తూర్పు తీరం పేరు మోస్తున్న పురుగు మీ తొట్టి అంచున కూర్చుంటే, దానికి ‘కన్య ఈగ’ అని పేరు రాస్తామా!

తోకకి దారం కట్టి ఎగరేయడం మాత్రం వద్దని చెప్పండి. వాటి పిల్లలు నీళ్లలో దోమల పిల్లల్ని తిని పెరుగుతాయి.

చివరగా ఒక మాట. సూది తూనీగ నేను సూచించే మాటే. కాలువగట్టు మీద గడ్డి కోసేవాళ్లకీ, మీ ఊళ్లో పెద్దవాళ్లకీ సన్నదానికి వేరే పేరు ఉంటే, అదే నా మాటకన్నా మేలైనది. వాళ్లని అడిగి, వాళ్లు ఎలా పలికితే అలాగే రాసి పంపండి.