లారీ స్టీరింగు వదిలి డ్రైవింగు నేర్పవచ్చునా?

ప్రశ్న: నాకు 46 సంవత్సరాలు. పదో తరగతి పాసయ్యాను. ఎర్రగుంట్ల నుంచి సిమెంటు లారీలు చాలా ఏళ్లుగా నడుపుతున్నాను. నడుము నొప్పి వల్ల దూరప్రయాణాలు మానుకొని, కడపలో కారు డ్రైవింగు నేర్పే పనిలో చేరాలనుకుంటున్నాను. ఇంత అనుభవం ఉన్నవాడికి వేరే సర్టిఫికెట్టు అక్కరలేదని మిత్రులంటున్నారు. నిజమేనా?
– ఒక పాఠకుడు, ఎర్రగుంట్ల

జవాబు: మీ మిత్రులు చెప్పింది సరికాదు. కేంద్ర మోటారు వాహనాల నియమావళి, 1989లోని 24వ నియమం ప్రకారం, డ్రైవింగు స్కూలులో నేర్పే వ్యక్తికి పదో తరగతి ఉత్తీర్ణత, అయిదేళ్ల డ్రైవింగు అనుభవంతో పాటు మోటారు మెకానిక్ కోర్సు సర్టిఫికెట్టు గాని, మెకానికల్ ఇంజనీరింగులో అంతకంటే పై అర్హత గాని ఉండాలి. మొదటి రెండూ మీకున్నాయి. మూడోదానికి అనుభవం బదులు కాదు. ఆ సర్టిఫికెట్టు ప్రభుత్వ సంస్థ ఇచ్చినదో, రాష్ట్ర సాంకేతిక విద్యా మండలి గుర్తించిన సంస్థ ఇచ్చినదో అయితేనే చెల్లుతుంది కనుక, ఫీజు కట్టకముందే గుర్తింపు పత్రం అడిగి చూడండి. ఐటీఐలో మోటారు వెహికల్ మెకానిక్ ట్రేడు రెండేళ్లు సాగుతుంది. అంతకాలం సంపాదన మానుకోలేకపోతే, గుర్తింపు ఉన్న చిన్న కోర్సు ఏదైనా పనికొస్తుందేమో కడప రవాణా శాఖ కార్యాలయంలో ముందుగా విచారించండి.

సొంత స్కూలు ఆలోచన ప్రస్తుతానికి వద్దనే నా సలహా. స్కూలు లైసెన్సు అయిదేళ్లకు ఇస్తారు గాని, నేర్పే ప్రతి రకం వాహనం కనీసం ఒకటి సొంతంగా ఉండాలి, కారుకు జంట కంట్రోళ్లు (శిక్షకుడి వైపు కూడా బ్రేకు వంటివి) అమర్చాలి.

అసలు కష్టం వేరే ఉంది. మీ కాలు క్లచ్ మీద ఎక్కడ సగానికి ఆగుతుందో మీరిప్పుడు ఆలోచించరు; ఆలోచన అక్కరలేనంతగా అలవాటైన ఆ పనిని విడదీసి, స్టీరింగు పట్టుకోవడానికే వణికే మనిషికి మాటల్లో చెప్పడమే శిక్షకుడి వృత్తి. ఏడురోడ్ల కూడలిలో ఆటో అడ్డం వచ్చాక 'బ్రేకు, బ్రేకు' అని అరిస్తే, కంగారులో నేర్చుకునేవారు యాక్సిలరేటరు తొక్కినా ఆశ్చర్యం లేదు. కూడలి కనబడగానే వేగం తగ్గించమని, అద్దం చూడమని నెమ్మదిగా చెప్పి, మీ కాలిని మాత్రం మీ వైపు బ్రేకు మీద సిద్ధంగా ఉంచుకోవాలి. ఎల్‌ఎల్‌ఆర్ (నేర్చుకునేవారికిచ్చే లైసెన్సు) ఉన్నవారు నడిపేటప్పుడు పక్కన లైసెన్సున్న శిక్షకుడు వాహనాన్ని అదుపు చేయగలిగేలా కూర్చోవాలని నియమమే చెబుతోంది. లారీ క్లీనరును గదమాయించిన గొంతు ఇక్కడ పనికిరాదు. వచ్చేవారిలో గృహిణులు, ఉద్యోగులు, మీకంటే పెద్దవారు కూడా ఉంటారు.

కారుకు శిక్షణ 21 రోజులకు, అసలు నడిపే సమయం 10 గంటలకు తగ్గకూడదు. కొన్నిచోట్ల రెండు వారాలకే ముగించి రికార్డులో గంటలు నింపేస్తారని వింటుంటాం. అటువంటి చోట జీతం ఎక్కువైనా చేరకండి.

ఇక నడుము సంగతి. శిక్షకుడు కూడా గంటల తరబడి కూర్చోవలసిందే, పైగా ఒక కాలు ఎప్పుడూ బ్రేకు మీద బిగపట్టి ఉంచాలి. ఉన్న పని మానేయకముందే ఎముకల వైద్యుడికి ఈ సంగతి వివరంగా చెప్పి, రోజుకు ఎన్ని గంటలు కూర్చోవచ్చో అడిగి తెలుసుకోండి.