బెల్లం నీళ్లు వద్దు, పంచదార చాలు

ప్రశ్న: కాలిఫోర్నియాలో, ఫ్రీమాంట్‌లో ఉండే మా అమ్మాయి దగ్గరికి వచ్చాను. పెరట్లో బొటనవేలంత పిట్ట ఒకటి పువ్వు ముందు గాల్లోనే నిలబడి తేనె తాగుతోంది. మా తెనాలిలో మందారాలకు వచ్చే తేనెపిట్టేనా? రోజూ రావాలంటే బెల్లం నీళ్లు పెట్టొచ్చా?
– ఒక పాఠకురాలు

జవాబు: తేనెపిట్ట కాదమ్మా, హమ్మింగ్‌బర్డ్. ఇవి అమెరికా ఖండాల్లో తప్ప మరెక్కడా లేవు. మన తేనెపిట్ట ఎక్కువగా కొమ్మ పట్టుకుని వంగి తాగుతుంది. ఇది గాల్లో ఆగుతుంది, వెనక్కి కూడా ఎగురుతుంది.

మీ వైపు ఏడాది పొడుగునా ఉండేది అన్నాస్ హమ్మింగ్‌బర్డ్. మగదాని తల, గొంతు నల్లగా కనిపిస్తూనే, అది ఇటు తిరిగేసరికి గులాబీరంగులో భగ్గుమంటాయి. వెలుగు పడే కోణాన్నిబట్టి వచ్చే మెరుపు అది. అందుకే ఎండను మీ వెనక ఉంచుకుని చూడండి. ఆడదానికి వీపు ఆకుపచ్చ, పొట్ట బూడిదరంగు, గొంతు మీద తరచుగా చిన్న ఎర్ర మచ్చ. పక్కలు ఇటుకరంగులో ఉంటే వేరే జాతి హమ్మింగ్‌బర్డ్: అలెన్స్ కావచ్చు, రూఫస్ కావచ్చు. ఆ రెండింటినీ విడదీయడం అలవాటున్నవాళ్లకే కష్టం.

బెల్లం మాత్రం వద్దు. అందులోని ఇనుము వీటికి హాని. తేనె కలిపితే త్వరగా బూజు పడుతుంది. ఎరుపు రంగూ కలపకండి, నీళ్లు పోసి వేలాడదీసే ఫీడరు ఎర్రగా ఉంటే చాలు. గ్లాసు తెల్ల పంచదారకు నాలుగు గ్లాసుల నీళ్లు, అంతే. ఎండాకాలం రెండు రోజులకోసారి పారబోసి, వేడినీళ్లతో బ్రష్ పెట్టి కడగాలి. పులిసిన నీళ్లు పిట్టను జబ్బు చేస్తాయి. ఈ విషయంలో నేను మొహమాటపడను: కడిగే ఓపిక లేని ఇంట్లో ఫీడరు ఉండకూడదు.

నన్నడిగితే మొక్కలే మేలు. మా కిటికీ కింద సాల్వియా, కాలిఫోర్నియా ఫ్యూషియా వేశాం, పిట్టలు వాటంతట అవే వస్తున్నాయి. పురుగుమందు కొట్టకండి. పిట్ట పిల్లలకు మాంసకృత్తులు చిన్న చిన్న పురుగుల నుంచే అందాలి. తోటలో సాలెగూళ్లూ దులపకండి. గూటిని అల్లేది ఆ దారంతోనే, మన తేనెపిట్ట లాగే. ఇవి డిసెంబరులోనే గూడు మొదలుపెడతాయి కాబట్టి, చలికాలంలో కొమ్మలు కత్తిరించే ముందు ఒక్కొక్కటీ వెతికి చూడమని అమ్మాయికి చెప్పండి. మీరు ఊరెళ్లాక ఫీడరు కడిగేది ఎవరో కూడా ఇప్పుడే తేల్చుకోండి.