86 ఏళ్ల అమ్మకి గుండె వాల్వ్ మార్పించొచ్చా?

ప్రశ్న: మాది విశాఖ, ఎంవీపీ కాలనీ. మా అమ్మకి 86 ఏళ్లు. మొన్నమొన్నటి దాకా రైతు బజారుకి తనే వెళ్లి కూరలు తెచ్చేది, ఇప్పుడు మా రెండో అంతస్తు మెట్లెక్కుతూ మధ్యలో రెండుసార్లు ఆగిపోతోంది. ఎకో తీసి, అయోర్టిక్ వాల్వ్ బాగా మూసుకుపోయింది, మార్చాలన్నారు. ఈ వయసులో కోతలెందుకని చుట్టాలందరూ అంటున్నారు. ఏం చేయమంటారు డాక్టరుగారూ?

జవాబు: చుట్టాల మాట రాశారు గానీ అమ్మ ఏమంటోందో రాయలేదు. ముందు ఆవిడని కూర్చోబెట్టి అడగండి.

అయోర్టిక్ వాల్వ్ అంటే గుండెలోంచి ఒంటికి రక్తం వెళ్లే దారిలో తలుపు లాంటిది. దాని మీద కాల్షియం పేరుకుని గట్టిపడిపోతుంది, మందులతో తెరుచుకోదు. ఆయాసం మొదలయ్యాక అలాగే వదిలేస్తే సుమారు సగం మంది రెండేళ్లు దాటరు. ఈ మాట రాయడానికి నాకూ కష్టంగానే ఉంది, కానీ మీకు తెలియాలి.

ఛాతీ తెరిచి చేస్తే ఎముక అతుక్కోవడానికే రెండు మూడు నెలలు పడుతుంది. 2002లో ఫ్రాన్స్‌లో అలాన్ క్రిబియే మొదలుపెట్టిన టావీ పద్ధతిలో తొడ దగ్గరి రక్తనాళంలోంచి వాల్వ్ పంపిస్తారు, చాలామంది కొద్దిరోజుల్లోనే ఇంటికెళ్తారు. ఖర్చు బాగా ఎక్కువ, కొందరికి పేస్‌మేకర్ అవసరమవుతుంది, పక్షవాతం ముప్పూ కొంత ఉంది. సీటీ స్కాన్ చూశాకే అమ్మకి ఇది కుదురుతుందో లేదో చెప్పగలరు. వయసు ఒక్కటే చూడరు, ఇన్నాళ్లూ తన బజారు తనే తెచ్చుకున్న మనిషంటే నాకు ఆశ ఎక్కువ. ఆవు గుండె పొరతో చేసిన వాల్వ్‌లు కూడా ఉంటాయి, పట్టింపు ఉంటే ముందే అడగండి.

ఇంకోటి, చాలామందికి ముందుగా ఎవరూ చెప్పరు. ఆపరేషన్ అయ్యాక పెద్దవాళ్లకి ఒక్కోసారి మతి తడబడుతుంది. నేను చూసిన ఒక పెద్దావిడ ఐసీయూలో అర్ధరాత్రి లేచి, సెలైన్ గొట్టం లాగేసి, గేదెకి కుడితి పెట్టారా అని నర్సుని గద్దించింది, కూతురు బయట ఒకటే ఏడుపు. తెల్లారి కళ్లజోడు పెట్టి, ఆ కూతుర్నే పక్కన కూర్చోబెట్టి ఊరి కబుర్లు చెప్పించాం, మూడు రోజుల్లో కుదుటపడింది. అందుకని అమ్మ కళ్లజోడు, చెవి మిషన్ ఉంటే అదీ సంచిలో పెట్టుకోండి.

పుచ్చుపళ్లుంటే ఇప్పుడే చూపించండి, నోట్లో క్రిములు రక్తంలోకెళ్లి కొత్త వాల్వ్‌ని పట్టుకుంటే మళ్లీ మొదటికొస్తుంది.