హార్డ్ డిస్క్ మార్చాక వైఫై, సౌండ్ రెండూ రావట్లేదు, నిజంగా మదర్‌బోర్డ్ పోయినట్టేనా?

మీ ప్రశ్న మొత్తం చదివాను. బెంగళూరు మారతహళ్లి పీజీలో ఉంటున్నారు, పాత డెల్ ల్యాప్‌టాప్‌లో హార్డ్ డిస్క్ పోయింది, దగ్గర్లో ఉన్న షాపులో ఎస్‌ఎస్‌డీ (తిరిగే భాగాలు లేని డిస్క్) వేయించి విండోస్ 10 ఎక్కించుకున్నారు, రూముకొచ్చి చూస్తే వైఫై లేదు, సౌండ్ లేదు, బ్రైట్‌నెస్ తగ్గట్లేదు, డివైస్ మేనేజర్ (ల్యాప్‌టాప్‌లోని భాగాలన్నిటి లిస్టు) నిండా పసుపు గుర్తులు, మళ్లీ షాపుకెళ్తే మదర్‌బోర్డ్ పోయింది మార్చాలన్నారు. ముందు ఆ డబ్బులు కట్టకండి. నిన్నటిదాకా పనిచేసినవన్నీ డిస్క్ మార్చిన రోజే ఒకేసారి ఆగిపోయాయంటే నేను మొదట అనుమానించేది డ్రైవర్లనే, బోర్డుని కాదు.

అసలు సంగతేంటంటే వైఫై కార్డు, సౌండ్ చిప్, గ్రాఫిక్స్ వీటితో విండోస్ పని చేయించుకోవడానికి కావాల్సిన డ్రైవర్లు ఆ చిప్పుల్లో ఉండవండి, సీ డ్రైవ్‌లో ఉంటాయి. ఫ్యాక్టరీలో కంపెనీ వాళ్లు ఎక్కించినవి, తర్వాత ఇన్నేళ్లూ అప్‌డేట్స్‌లో వచ్చినవి అన్నీ మీ పాత డిస్క్‌లో ఉన్నాయి, దాన్ని తీసేసరికి దాంతోపాటే పోయాయి. కొత్త డిస్క్ మీద విండోస్ తనతో తెచ్చుకున్న మామూలు డ్రైవర్లే ఉంటాయి, కీబోర్డు, యూఎస్‌బీ, తెర మీద బొమ్మ, అక్కడిదాకా నడిపిస్తాయి. పాత డిస్క్ బతికుండగానే క్లోన్ చేసి, అంటే ఉన్నదున్నట్టు కొత్తదాంట్లోకి కాపీ చేసి ఉంటే ఈ గొడవే ఉండేది కాదు కానీ పోయిన డిస్క్‌ని క్లోన్ చేయడం కష్టం కదా, అది వదిలేయండి. మీ బ్రైట్‌నెస్ సంగతే చూడండి, డివైస్ మేనేజర్‌లో డిస్‌ప్లే అడాప్టర్స్ కింద "మైక్రోసాఫ్ట్ బేసిక్ డిస్‌ప్లే అడాప్టర్" అని ఉంటే గ్రాఫిక్స్ డ్రైవర్ పడలేదని అర్థం, ఆ బేసిక్ డ్రైవర్‌తో బ్రైట్‌నెస్ కదలదు. ఇదే కారణం, స్క్రీన్‌కి ఏమీ కాలేదు.

నేను వైట్‌ఫీల్డ్‌లో ఒక ఆఫీసులో సిస్టమ్స్ సపోర్ట్ చూస్తాను, రోజూ ఇదే పని, కానీ మీకు చెప్పాల్సింది మా చిన్నాన్న కూతురి ల్యాప్‌టాప్ గురించి, ఎందుకంటే మీ కేసూ దానిదీ దాదాపు ఒకటే. యలహంక వైపు ఇంజనీరింగ్ చదువుతోంది, కంపెనీలు వాడి అమ్మేసిన సెకండ్ హ్యాండ్ డెల్ లాటిట్యూడ్ ల్యాప్‌టాప్ ఒకటి కొనిచ్చారు మా చిన్నాన్న. డిస్క్ టిక్ టిక్ మని శబ్దం చేసి ఆగిపోతే బెంగళూరులో కంప్యూటర్ సామాన్లు అమ్మే ఎస్పీ రోడ్డుకెళ్లి ఎస్‌ఎస్‌డీ వేయించుకుంది, అక్కడ కూడా ఇదే మాట, బోర్డు పోయిందమ్మా అన్నారట. ప్రాజెక్ట్ రివ్యూ దగ్గర పడింది, ఇంట్లో అడగడానికి మొహమాటం, ఫోన్ చేసి అన్నా ఇప్పుడు ఏం చేయను అని ఏడ్చినంత పని చేసింది. అందుకే మీ ప్రశ్న చూడగానే ఇంత పొడుగ్గా రాస్తున్నాను, బోర్డు పోయింది అనే మాట పరీక్షించి చెప్తే ఒప్పుకోవచ్చు, పరీక్ష లేకుండా చెప్తే స్టూడెంట్స్ దగ్గర ఉన్న కాస్త డబ్బూ పోతుంది.

కాబట్టి ముందు ఆ పరీక్ష మీరే చేయండి. స్టార్ట్ బటన్ మీద రైట్ క్లిక్ చేసి డివైస్ మేనేజర్ తెరవండి, పసుపు గుర్తున్న దాన్ని డబుల్ క్లిక్ చేస్తే జనరల్ ట్యాబ్‌లో డివైస్ స్టేటస్ అని ఒక చిన్న పెట్టె ఉంటుంది, అందులో కోడ్ 28 అని ఉందా? ఆ నంబరుకి అర్థం ఈ డివైస్‌కి డ్రైవర్ ఎక్కించలేదు అని, అంతే. పేరు తెలియకపోయినా ఆ వస్తువు అక్కడ కనపడుతోందంటే బోర్డుకి అది ఉందని తెలుసు, పలుకుతోంది కూడా. వైఫై కార్డు "నెట్‌వర్క్ కంట్రోలర్" అనే పేరుతో అదర్ డివైసెస్ కింద ఉంటే కార్డు బతికే ఉంది. అసలు ఎక్కడా కనపడకపోతే మాత్రం అది వేరే కేసు, షాపులో మూత తీసినప్పుడు కార్డు కదిలి ఉండొచ్చు, ఆపేసి మూత తీయించి దాన్ని మళ్లీ గట్టిగా కూర్చోబెట్టించాలి, బయాస్‌లో (విండోస్ కన్నా ముందే నడిచే, బోర్డు మీదుండే సాఫ్ట్‌వేర్) వైర్‌లెస్ ఆఫ్ అయి ఉందేమో కూడా చూడాలి.

ఇంకా నమ్మకం కుదరకపోతే ఎవరి దగ్గరైనా పెన్‌డ్రైవ్‌లో ఉబుంటు (విండోస్ బదులు వాడే ఉచిత లైనక్స్) వేయించుకుని దాంతో బూట్ చేసి, ఇన్‌స్టాల్ కాకుండా ట్రై అనే ఆప్షన్ నొక్కండి, డిస్క్ జోలికి పోకుండా పెన్‌డ్రైవ్ నుంచే నడుస్తుంది. లైనక్స్‌లో చాలా డ్రైవర్లు దాని అసలు భాగమైన కెర్నల్‌లోనే ఉంటాయి కాబట్టి అక్కడ సౌండ్ వచ్చిందంటే చిప్ బాగున్నట్టే, ఇంక వాదన లేదు. వైఫైకి మాత్రం ఒక మినహాయింపు ఉంది, బ్రాడ్‌కామ్ కార్డులు కొన్ని ఉబుంటులో విడిగా డ్రైవర్ వేస్తేగానీ పనిచేయవు, అక్కడ రాలేదని కార్డు పోయిందనుకోకండి.

సరే ఇప్పుడు అందరూ ఇరుక్కునే చోటు: వైఫై డ్రైవర్ దించుకోవాలంటే నెట్ కావాలి, నెట్ రావాలంటే వైఫై డ్రైవర్ కావాలి. దీనికి మీ ఆండ్రాయిడ్ ఫోన్ చాలు. ఛార్జింగ్ కేబుల్‌తో ల్యాప్‌టాప్‌కి పెట్టి ఫోన్ సెట్టింగ్స్‌లో హాట్‌స్పాట్ దగ్గర యూఎస్‌బీ టెథరింగ్ (ఫోన్ నెట్‌ని కేబుల్‌తో ల్యాప్‌టాప్‌కి ఇవ్వడం) ఆన్ చేయండి, ఫోన్‌ని నెట్‌వర్క్ కార్డులా చూసే డ్రైవర్ విండోస్ 10లో ముందే ఉంటుంది. డేటా అయిపోతుందని భయమైతే ఫోన్‌ని పీజీ వైఫైకి కనెక్ట్ చేసి టెథర్ చేయండి, ఆ వైఫై నెట్టే కేబుల్ గుండా ల్యాప్‌టాప్‌కి వస్తుంది. కేబుల్ డేటా కేబుల్ అయి ఉండాలి, ఛార్జింగ్‌కి మాత్రమే పనికొచ్చే చవక కేబుళ్లతో ఆ ఆప్షన్ బూడిద రంగులోనే ఉండిపోతుంది, చాలామంది ఇక్కడే ఆగిపోయి ఇది పనిచేయదు అనుకుంటారు.

నెట్ రాగానే సెట్టింగ్స్‌లో విండోస్ అప్‌డేట్‌కెళ్లి చెక్ ఫర్ అప్‌డేట్స్ కొట్టి వదిలేయండి, సగం గుర్తులు దానంతటవే పోతాయి. తర్వాత అదే పేజీలో ఆప్షనల్ అప్‌డేట్స్ అని ఉంటుంది, దాన్లో డ్రైవర్ అప్‌డేట్స్ లిస్ట్ తెరిచి చూడండి, విండోస్ వాటిని అడక్కుండా వేయదు, మనమే టిక్ పెట్టాలి.

మిగిలినవాటికి డెల్ సపోర్ట్ సైటే. ల్యాప్‌టాప్ వెనకాల స్టిక్కర్ మీద 7 అక్షరాల సర్వీస్ ట్యాగ్ ఉంటుంది, చెరిగిపోయి ఉంటే బూట్ అయ్యేటప్పుడు ఎఫ్2 నొక్కి బయాస్‌లోకెళ్తే మొదటి పేజీలోనే కనపడుతుంది. ఆ ట్యాగ్ కొడితే మీ మెషీన్ డ్రైవర్లు ఒకేచోట వస్తాయి. మోడల్ పేరుతో వెతక్కండి, ఒకే మోడల్‌లో రెండు మూడు రకాల వైఫై కార్డులు వేసి అమ్ముతారు, పేరు చూసి దించితే వేరేది రావచ్చు. ముందు చిప్‌సెట్ (బోర్డు మీద భాగాలన్నిటినీ కలిపే చిప్పులు) డ్రైవర్ వేయండి, ఇంటెల్‌ది చాలావరకు ఫలానా చిప్ పేరు ఇదీ అని విండోస్‌కి చెప్పే చిన్న ఫైళ్లే కానీ "ఎస్ఎం బస్ కంట్రోలర్" అనే పసుపు గుర్తు దాంతోనే పోతుంది. తర్వాత లిస్టులో సీరియల్ ఐఓ అనే డ్రైవర్ ఉంటే అది, టచ్‌ప్యాడ్ ఐ2సీ అనే లైను మీద నడిచే మెషీన్లలో అది పడకుండా టచ్‌ప్యాడ్ డ్రైవర్ వేసి ఉపయోగం లేదు, అప్పటిదాకా యూఎస్‌బీ మౌస్ పెట్టుకోండి. తర్వాత గ్రాఫిక్స్, ఆడియో, వైఫై, బ్లూటూత్, ఏది ముందైనా పర్లేదు. లిస్టులో బయాస్ అప్‌డేట్ కూడా కనపడుతుంది, ఇప్పుడు దాని జోలికి పోకండి, డ్రైవర్ల సమస్యకి దానితో పనిలేదు, మధ్యలో కరెంటు పోయి బ్యాటరీ కూడా చేతులెత్తేస్తే అప్పుడు నిజంగానే బోర్డు దాకా వస్తుంది.

ఇంత చేశాక కూడా ఒకటో రెండో "అన్‌నోన్ డివైస్" మిగులుతాయి. అక్కడ పేరు చూసి ఊహించకండి, హార్డ్‌వేర్ ఐడీ చదవండి. డబుల్ క్లిక్ చేసి డీటెయిల్స్ ట్యాబ్‌కెళ్లి ప్రాపర్టీ లిస్టులో హార్డ్‌వేర్ ఐడీస్ ఎంచుకుంటే పొడుగాటి కోడ్‌లు నాలుగైదు వరసలు వస్తాయి, మొదటి వరసలో వెన్ (VEN) అని ఉన్నచోట దాని తర్వాతి నాలుగు అంకెలు చిప్ చేసిన కంపెనీవి. 8086 అంటే ఇంటెల్, 10ఈసీ అంటే రియల్‌టెక్, 14ఈ4 బ్రాడ్‌కామ్, 10డీఈ ఎన్విడియా, 1002 ఏఎండీ. డెవ్ (DEV) తర్వాతి నాలుగూ ఏ చిప్పో చెప్తాయి. ఆ వెన్, డెవ్ ముక్కని అలాగే మైక్రోసాఫ్ట్ అప్‌డేట్ కెటలాగ్ సైట్‌లో వేసి వెతికితే చాలాసార్లు సరైన డ్రైవర్ దొరుకుతుంది, క్యాబ్ అనే కుదించిన ఫైల్‌గా వస్తుంది, 7-జిప్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో విప్పి డివైస్ మేనేజర్‌లో అప్‌డేట్ డ్రైవర్, బ్రౌజ్ మై కంప్యూటర్ అని ఆ ఫోల్డర్ చూపించాలి.

మా చెల్లి ల్యాప్‌టాప్‌లో అన్నీ పడ్డాక చివరిదాకా మొండికేసిన అన్‌నోన్ డివైస్ ఐడీ ఏసీపీఐ అని మొదలై ఎస్ఎంఓ8800 అని ఉంది. వెతికితే అది ఫ్రీ ఫాల్ సెన్సర్ అని తేలింది, ల్యాప్‌టాప్ చేతిలోంచి జారితే కిందపడేలోపే పసిగట్టి తిరిగే హార్డ్ డిస్క్ హెడ్‌ని పక్కకి జరిపించి ప్లేటు గీరుకోకుండా కాపాడే సెన్సర్. ఎస్‌ఎస్‌డీలో తిరిగేదే లేదు కాబట్టి దాంతో ఇంక పనే లేదు! డెల్ సైట్‌లో దాని చిన్న డ్రైవర్ ఉంటే వేశాం, గుర్తు పోయింది, వేయకపోయినా ఏ నష్టం లేదు. మీది కూడా డెల్లే కాబట్టి ఈ ఐడీ మీకూ కనపడొచ్చు, కనపడితే కంగారు పడకండి. అలాగే "పీసీఐ సింపుల్ కమ్యూనికేషన్స్ కంట్రోలర్" ఇంటెల్ మెషీన్లలో సాధారణంగా మేనేజ్‌మెంట్ ఇంజిన్ అనే ఇంటెల్ లోపలి భాగానిది, "బేస్ సిస్టమ్ డివైస్" చాలావరకు మెమరీ కార్డ్ రీడర్.

ఇంకో దారి ఉంది, దీని గురించి ఎవరూ చెప్పరు. పాత డిస్క్ షాపులో వదిలేశారా, తెచ్చుకున్నారా? వదిలేసి ఉంటే ఈరోజే వెళ్లి అడిగి తెచ్చుకోండి, మీ ఫొటోలూ ఫైళ్లూ దాన్లో ఉంటాయి, అది మీ వస్తువు. 2.5 ఇంచుల సాటా కేసింగ్, అంటే ల్యాప్‌టాప్ డిస్క్‌ని యూఎస్‌బీకి తగిలించుకునే పెట్టె, ఎస్పీ రోడ్డులో కొన్ని వందల్లోనే దొరుకుతుంది, చిక్కపేట మెట్రోలో దిగి నడవొచ్చు, తెలుగులో అడిగినా చాలామందికి అర్థమవుతుంది, ఆదివారం మాత్రం చాలా షాపులు మూసి ఉంటాయి. డిస్క్ దాన్లో పెట్టి యూఎస్‌బీకి తగిలించినప్పుడు కాస్తైనా తెరుచుకుంటే విండోస్ ఫోల్డర్, దాన్లో సిస్టమ్32, దాన్లో డ్రైవర్‌స్టోర్, దాన్లో ఫైల్‌రిపాజిటరీ అని ఒక ఫోల్డర్ ఉంటుంది, మీ పాత డ్రైవర్లన్నీ అందులోనే ఉంటాయి. దాన్ని కాపీ చేసుకుని అప్‌డేట్ డ్రైవర్‌లో చూపించి ఇంక్లూడ్ సబ్‌ఫోల్డర్స్ టిక్ ఉంచితే విండోస్ తనకి కావాల్సింది తనే ఏరుకుంటుంది. ముందు మీ ఫైళ్లు కాపీ చేసుకోండి, డ్రైవర్లు తర్వాత, చనిపోతున్న డిస్క్ ఎంతసేపు సహకరిస్తుందో చెప్పలేం. డిస్క్‌కి తాళంలా ఉండే బిట్‌లాకర్ కీ అడిగితే మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో సేవ్ అయి ఉందేమో చూడండి.

ఒక్కటి మాత్రం గట్టిగా చెప్తున్నాను, ఒక్క క్లిక్‌తో అన్ని డ్రైవర్లూ అప్‌డేట్ అని గూగుల్‌లో పైన యాడ్స్‌లో వచ్చే సాఫ్ట్‌వేర్లు వేయకండి. చాలావాటితో పాటు పనికిరాని ప్రోగ్రాములు వచ్చి కూర్చుంటాయి, కొన్ని స్కాన్ చేసి భయపెట్టి డబ్బులడుగుతాయి, మీకు కావాల్సినవన్నీ ఉచితంగా తయారీదారు దగ్గరే ఉన్నాయి.

షాపులో విండోస్ కీకి (లైసెన్స్ కోడ్) వేరే డబ్బులు అడిగితే కూడా ఒకసారి ఆగండి. విండోస్ 8 కాలం నుంచి విండోస్‌తోనే అమ్మిన ల్యాప్‌టాప్‌ల కీ సాధారణంగా మదర్‌బోర్డ్ మీదే బయాస్‌లో ఉంటుంది, డిస్క్ మార్చినా పోదు, అంతకుముందు ఉన్న ఎడిషనే ఎక్కిస్తే నెట్ తగలగానే మామూలుగా యాక్టివేట్ అవుతుంది. మీది హోమ్ అయితే వాళ్లు ప్రో ఎక్కించి ఉంటే మాత్రం అవదు. విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది, ఇంటెల్ 8వ తరం గానీ ఆ తర్వాతది గానీ అయి టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్ ఉంటే ఎలాగూ కొత్తగా మొదలుపెడుతున్నారు కాబట్టి 11కే వెళ్లండి. అప్పుడు సెటప్‌లో డిస్కే కనపడకపోతే భయపడకండి, 11వ తరం నుంచి చాలా ఇంటెల్ మెషీన్లలో వీఎండీ అనే సెట్టింగ్ ఆన్‌లో ఉంటుంది, ఇంటెల్ ర్యాపిడ్ స్టోరేజ్ డ్రైవర్‌ని పెన్‌డ్రైవ్‌లో వేసుకుని అక్కడున్న లోడ్ డ్రైవర్ నొక్కి చూపిస్తే డిస్క్ వచ్చేస్తుంది.

అన్నీ సర్దుకున్నాక అడ్మిన్‌గా కమాండ్ ప్రాంప్ట్ తెరిచి పీఎన్‌పీయుటిల్ కమాండ్‌కి ఎక్స్‌పోర్ట్-డ్రైవర్ ఆప్షన్, ఒక స్టార్ (pnputil /export-driver *), దాని తర్వాత ముందే చేసిపెట్టుకున్న ఫోల్డర్ పేరు ఇవ్వండి, విడిగా వేసిన డ్రైవర్లన్నీ ఆ ఫోల్డర్‌లోకి వస్తాయి, పెన్‌డ్రైవ్‌లో దాచుకోండి. మా చెల్లి ల్యాప్‌టాప్‌కి ఇదే చేసిచ్చాను, అదే బోర్డుతో ఇప్పటికీ వాడుతోంది.

ముందు ఆ కోడ్ చూడండి. 28 కాకుండా 10 గానీ 43 గానీ ఉంటే అది డ్రైవర్ లేకపోవడం కాదు, డ్రైవర్ ఉండి కూడా డివైస్ మొదలవకపోవడమో, లోపం ఉందని విండోస్ దాన్ని ఆపేయడమో, దానికి దారి వేరు. అలా ఉంటే ఆ నంబరూ, హార్డ్‌వేర్ ఐడీ మొదటి వరసా కింద రాయండి, సర్వీస్ ట్యాగ్ మాత్రం అందరికీ కనపడేలా పెట్టకండి, సాయంత్రం ఆఫీసు అయ్యాక చూసి చెప్తాను.