నాగార్జునకొండకు వెళ్తే లాంచీ షికారుతో సరిపెట్టుకోకండి

పెద్దవాళ్లను, పిల్లలను వెంటబెట్టుకుని, నాగార్జునసాగర్ జలాశయం నడుమ దీవిగా మిగిలిన నాగార్జునకొండకు ఒక్క రోజులో వెళ్లి రావచ్చా, అంత దూరం వెళ్లినందుకు అక్కడ చూడదగినది ఏమైనా ఉందా అని అడిగారు.

నిక్షేపంగా వెళ్లి రావచ్చు. రెండేళ్ల క్రితం కార్తీక మాసంలో మా అమ్మ, అక్క, నా భార్య, ఇద్దరు పిల్లలతో నరసరావుపేట నుంచి తెల్లవారుజామున బయలుదేరి, చీకటి పడిన కాసేపటికి ఇల్లు చేరాము. మ్యూజియానికి సెలవు కనుక శుక్రవారం మాత్రం పెట్టుకోకండి. లాంచీలు నీటిమట్టాన్ని, గాలిని బట్టి నడుస్తాయి కనుక ముందుగా కనుక్కుని, పొద్దున మొదటి లాంచీకే టికెట్లు తీసుకోండి.

విజయపురి సౌత్ రేవు నుంచి కొండకు ముప్పావు గంట ప్రయాణం. ఆ సేపంతా మా చుట్టూ ఉన్నవాళ్లు ఫోన్లలో పాటలు పెట్టుకుని, నీటికి వీపు తిప్పి ఫొటోలు దిగారు. దీనికి బోటింగ్ అని పేరు పెట్టడమే తప్పని నా గట్టి అభిప్రాయం. మా అమ్మ ఒక్కతే నీళ్లకేసి చూస్తూ కూర్చుంది. సాగర్ కుడి కాలువ కింద మాకు రెండెకరాల మాగాణి ఉంది. కాలువకు నీళ్లెప్పుడు వదులుతారా అని ఎదురుచూడడంలోనే ఆవిడకు ఏళ్లు గడిచిపోయాయి. రేవు మెట్ల దగ్గర చిన్న సీసాలో నీళ్లు పట్టుకుని, “మన పొలానికి వచ్చేవి ఇవేనా నాయనా?” అని అడిగింది. అవే నీళ్ల అడుగున, పదిహేడు వందల ఏళ్ల కిందట ఈ ప్రాంతాన్ని ఏలిన ఇక్ష్వాకుల రాజధాని విజయపురి ఉందని లాంచీలో చెప్పేసరికి, ఒళ్లో ఉన్న సీసాను పైకెత్తి వెలుతురులో ఒకసారి చూసి, “అయితే మనం ఊరి మీదుగా పోతున్నామన్నమాట” అంది.

1955 డిసెంబరులో సాగర్ ఆనకట్టకు శంకుస్థాపన జరిగింది. లోయ మునగక తప్పదని తెలిసి పురావస్తు శాఖ 1954 నుంచి 1960 వరకు అక్కడ తవ్వకాలు జరిపి, ముఖ్యమైన కొన్ని కట్టడాలను విప్పి తెచ్చి కొండ మీద తిరిగి నిలబెట్టింది. గట్టున ఉన్న అనుపులో మరికొన్నింటిని పునర్నిర్మించింది. ఇది తెలియకుండా వెళ్తే కనిపించేవి మోకాలెత్తు ఇటుక గోడలే. తెలిసి వెళ్తే మా చిన్నవాడిలా ఒక స్తూపం పునాది చుట్టూ తిరుగుతూ, “ఇది బండి చక్రం నాన్నా” అని చక్రపు ఆకుల్లాంటి అడ్డుగోడలు లెక్కపెడతారు. నిజంగానే చక్రం ఆకారంలో గోడలు కట్టి, వాటి సందుల్లో మట్టి నింపి, పైన గుమ్మటం లాంటి అండం లేపేవారు.

ఇక్కడి పెద్ద స్తూపమైన మహాచైత్యాన్ని కట్టించింది శాంతిశ్రీ. ఆమె అశ్వమేధం చేసిన ఇక్ష్వాకు రాజు శాంతమూలుడికి తోబుట్టువు, తరువాత రాజైన వీరపురుషదత్తుడికి మేనత్త. రాజులు యాగాలు చేస్తుంటే వారి ఇంటి ఆడవాళ్లు బౌద్ధానికి దానాలు చేశారని శాసనాలే చెబుతున్నాయి. ఈ సంగతి వివరిస్తుండగా మా అమ్మాయి మా అక్క వైపు తిరిగి, “అత్తా, మరి నువ్వేం కట్టించావు?” అని అడిగింది. “పొద్దున్నే లేచి ఇంతమందికి పులిహోర కట్టి తెచ్చాను, చాలదా?” అని మా అక్క అనేసరికి, మోకాళ్ల నొప్పులతో అరుగు మీద కూర్చున్న మా అమ్మ కూడా నవ్వింది.

అంతలో లాంచీ హారన్ మోగింది. మాకిచ్చిన సమయం గంట. అందులో రేవు నుంచి మ్యూజియం దాకా పెద్దవాళ్ల నడకకే పావువంతు పోయింది. ఆయక స్తంభాల దగ్గర కాసేపు ఆగడానికి కూడా వీలు కాలేదు. స్తూపానికి నాలుగు దిక్కులా అయిదేసి చొప్పున నిలిపే ఈ స్తంభాలు బుద్ధుడి జననం మొదలు పరినిర్వాణం వరకు అయిదు ఘట్టాలకు గుర్తులు. వచ్చిన లాంచీలోనే తిరిగి వెళ్లాలన్న పట్టుదల మాని, తరువాతి లాంచీలో రానిస్తే ఎవరి సొమ్ము పోతుందో నాకు అర్థం కాదు.

కనుక మధ్యాహ్నం అనుపుకు రోడ్డు మీదుగా వెళ్లండి, అక్కడ తొందరపెట్టేవారు ఉండరు. మేము బయట చెట్టు కింద పులిహోర పొట్లాలు విప్పి, తరువాత అక్కడ తిరిగి కట్టిన ఆనాటి మెట్ల ప్రేక్షకశాలలో ఎండ తగ్గేదాకా కూర్చున్నాము. పిల్లలు కింద నిలబడి అరుస్తుంటే మా అమ్మ పై మెట్టు మీద నుంచి వింటూ ఉండిపోయింది. ఆ సీసాలో నీళ్లు ఇంటికి తెచ్చి, మర్నాడు పొద్దున్నే తులసికోటలో పోసింది.