పెరిస్కోప్‌కి అందని మనుషులు: ఒక యువ రచయితకు లేఖ

అమ్మాయీ,

నీ వ్యాసం శ్రద్ధగా చదివాను. రెండో ప్రపంచ యుద్ధకాలపు సబ్‌మెరైన్ సినిమాల మీద రాయాలనుకోవడం నాకు చాలా నచ్చింది. కానీ మొదటి పేరాలోనే "ఇవన్నీ ప్రభుత్వాలు తీయించిన అబద్ధాలు" అని తేల్చేశావు. అక్కడే తేల్చేస్తే పాఠకుడు మిగతాది ఎందుకు చదవాలి? పైగా ఆ మాట సగమే నిజం. ఆ సినిమాల్లో నిజాలు బోలెడున్నాయి. వాటిని చూపించే మిగతాదంతా నమ్మించారు. ఎలా నమ్మించారన్నదే నువ్వు రాయాలి.

'క్లోజ్ క్వార్టర్స్' మళ్ళీ చూడు. 1943లో బ్రిటన్ సమాచార శాఖ కింద పనిచేసిన క్రౌన్ ఫిల్మ్ యూనిట్ తీసింది, దర్శకుడు జాక్ లీ. తెర మీద కనిపించేది నటులు కాదు, నేవీలో సబ్‌మెరైన్ల మీద పనిచేస్తున్నవాళ్ళే. వాల్వు తిప్పే ఆ చెయ్యి రోజూ ఆ పనే చేసే చెయ్యి, అందుకే ఎక్కడా తడుముకోదు. ఇటలీలో ఫ్రాంచెస్కో డి రోబెర్టిస్ కూడా 1941లోనే నిజమైన నావికులతో ఇలాంటి సినిమా తీశాడు. ఆ పనితనాన్ని మెచ్చుకోవడానికి మొహమాటపడకు. మెచ్చుకుంటే నువ్వేదో పక్షం వహించినట్టు కాదు. ఆనాటి ప్రేక్షకుడు ఎందుకు కదిలిపోయాడో నీకు తెలియకపోతే, అతన్ని ఎటు కదిలించారో కూడా తెలియదు.

ఇప్పుడు అమెరికన్ సినిమా 'డెస్టినేషన్ టోక్యో' సంగతి. నువ్వు దానికి రెండు వాక్యాలే ఇచ్చావు, రెండు పేజీలు ఇవ్వాల్సింది. అందులో సబ్‌మెరైన్‌లోనే అపెండిసైటిస్ ఆపరేషన్ చేసే సీన్ ఉంది కదా, అది కల్పన కాదు. 1942 సెప్టెంబర్ 11న సీడ్రాగన్ అనే అమెరికన్ సబ్‌మెరైన్‌లో డారెల్ రెక్టర్ అనే కుర్ర నావికుడికి అలాంటి ఆపరేషన్ జరిగింది. లోపల డాక్టర్ లేడు. మందులూ కట్లూ చూసుకునే వీలర్ లైప్స్ అంతకుముందు ఎవరికీ స్వయంగా ఆపరేషన్ చేసి ఎరగడు. ఆఫీసర్లు భోంచేసే బల్ల మీద పడుకోబెట్టి, కోసినచోటు మూసుకుపోకుండా చెంచాలు వంచి పట్టుకున్నారు. కుర్రవాడు బతికాడు. ఈ సంగతి పత్రికలో రాసిన విలేకరి జార్జ్ వెల్లర్‌కి పులిట్జర్ బహుమతి వచ్చింది. 1943 చివర్లో సినిమా వచ్చింది, అందులోనూ కుర్రవాడు బతుకుతాడు.

సినిమా అక్కడితో ఆగింది, నువ్వు ఆగకు. ఆ రెక్టరే తర్వాత టాంగ్ అనే సబ్‌మెరైన్‌లో చేరాడు. 1944 అక్టోబర్‌లో టాంగ్ వదిలిన టార్పెడో (నీళ్ళలో దూసుకెళ్ళి ఓడని పేల్చే ఆయుధం) దారి తప్పి వెనక్కి తిరిగొచ్చి దాన్నే ముంచేసింది. 78 మంది పోయారు, వాళ్ళలో అతనూ ఉన్నాడు. ఈ రెండు సంగతులూ పక్కపక్కన పెట్టు, చాలు. మధ్యలో నీ వ్యాఖ్యానం అక్కర్లేదు.

అదే సినిమాలో ఇంకో సీన్. నీళ్ళలో పడ్డ జపాన్ పైలట్‌ని కాపాడబోయిన నావికుణ్ణి ఆ పైలటే కత్తితో పొడిచి చంపుతాడు. తర్వాత కెప్టెన్ వేషంలో ఉన్న కేరీ గ్రాంట్ తనవాళ్ళతో మాట్లాడతాడు. చనిపోయినవాడు కొడుక్కి రోలర్ స్కేట్స్ కొన్నాడట, జపాన్ తండ్రి మాత్రం పసివాడికి కత్తి ఇస్తాడట. ఎంత మెల్లగా, ఎంత ప్రేమగా చెబుతాడో గమనించు. అరిచి చెప్పి ఉంటే ప్రేక్షకుడు కాస్త జాగ్రత్తపడేవాడేమో. తండ్రి ప్రేమని అడ్డం పెట్టుకుని ఒక జాతి మొత్తాన్ని మనుషుల్లోంచి తీసేశారు. నన్నడిగితే ఆ కాలపు సినిమాల్లో ఇంతకంటే ప్రమాదకరమైన సీన్లు అరుదు. నీ వ్యాసం ఇక్కణ్ణుంచే మొదలుపెట్టు.

ఇక తేదీలు. సినిమా విడుదలైన నెలలో సముద్రం మీద ఏం జరుగుతోందో ప్రతిసారీ వెతుకు. జర్మనీ సబ్‌మెరైన్ దళం మీద తీసిన 'యు-బోటె వెస్ట్‌వెర్ట్స్' 1941 మేలో వచ్చింది. దళాధిపతి డోనిట్జ్ స్వయంగా తెర మీద కనిపిస్తాడు. అంతకు రెండు నెలల ముందే, మార్చిలో, ఆ దళానికి పేరు తెచ్చిన ముగ్గురు కెప్టెన్లు లేకుండా పోయారు. ప్రీన్, షెప్కె చనిపోయారు, క్రెచ్మర్ బ్రిటిష్ వాళ్ళకి చిక్కాడు. బ్రిటన్ నౌకా స్థావరం స్కాపా ఫ్లోలో రాయల్ ఓక్ అనే యుద్ధనౌకని ముంచి దేశమంతా హీరో అయినవాడు ప్రీన్. అతని చావు వార్త మే చివరివరకూ బయటపెట్టలేదు. హాల్లో చప్పట్లు కొట్టినవాళ్ళకి ఆ సంగతి తెలియదు. యుద్ధం ముగిసేసరికి ఆ దళంలో పనిచేసిన సుమారు 40,000 మందిలో దాదాపు 30,000 మంది తిరిగి రాలేదు.

అమెరికా దాచినవి కూడా రాయి, లేకపోతే నీ వ్యాసం ఒంటి కాలి మీద నడుస్తుంది. తెర మీద టార్పెడో వదిలితే ఓడ పేలాల్సిందే. నిజంలో వాళ్ళ మార్క్ 14 టార్పెడో పెట్టిన లోతుకన్నా పదడుగులు కిందనుంచి పోయేది, తగిలినా ఒక్కోసారి పేలేది కాదు. 1943 రెండో సగం దాకా ఆ లోపాలన్నీ సరికాలేదు. ఈ కోపం, ఈ నిస్సహాయత ఆనాటి సినిమాల్లో నాకు కనిపించలేదు.

మరొక్క మాట. ఈ సినిమాల్లో చాలావరకు శత్రువు ఓడని పెరిస్కోప్‌లోంచే, అంటే నీళ్ళ కిందనుంచి పైకి చూసే గొట్టంలోంచే చూస్తాం. గుండ్రటి అద్దంలో ఒక నల్లటి ఆకారం, తర్వాత పొగ. దాని మీదున్న మనుషులు కనిపించరు. ఏ సినిమాలోనైనా వాళ్ళ మొహాలు ఒక్క క్షణమైనా చూపించారా అని వెతికి, దొరికితే ఆ షాట్ ఎంతసేపుందో, ముందూ వెనకా ఏముందో రాసుకో. దొరక్కపోతే అదీ రాయి.

"దేశభక్తి ముసుగు" లాంటి మాటలు నీ వ్యాసంలో చాలా ఉన్నాయి, తీసెయ్. సీన్ చెప్పు, తేదీ చెప్పు, పాఠకుడికి తెలివుంది. కొత్త ప్రతి సిద్ధం కాగానే పంపు. ముందు రోలర్ స్కేట్స్ పేజీ ఒక్కటి రాసినా చాలు, అదే పంపు, చదువుతాను.

ఆశీస్సులతో,
నీ శ్రేయోభిలాషి