1950ల నాటి రాకెట్ సినిమా తరహాలో షార్ట్ ఫిల్మ్: డబ్బు రాకెట్‌కు కాదు, గదికి పెట్టండి

మీరు అడిగింది: 1950ల అమెరికన్ రోదసి సినిమాల పద్ధతిలో 15 నిమిషాల బ్లాక్ అండ్ వైట్ షార్ట్ ఫిల్మ్, గ్రాఫిక్స్ లేకుండా, రెండు లక్షల లోపు. కథ చంద్రయానం. రాకెట్ మోడల్ ఎలా చేయాలి, మనుషులు గాల్లో తేలడం ఎలా చూపాలి అని.

ముందు లెక్క చూసుకోండి. మీ 15 నిమిషాల్లో రాకెట్ బయటి నుంచి కనిపించేది మహా అయితే ముప్పై, నలభై సెకన్లు. మిగతాదంతా నలుగురు మనుషులు ఒక ఇరుకు గదిలో కూర్చుని మాట్లాడుకోవడమే. ఆ కాలపు చవక సినిమాల్లో ఇప్పటికీ చూడబుద్ధయ్యేవి ఈ సంగతి గ్రహించినవే. 1950లో వచ్చిన రాకెట్‌షిప్ ఎక్స్-ఎమ్ సుమారు 94 వేల డాలర్లతో 18 రోజుల్లో తీసిన సినిమా. అదే ఏడాది జార్జ్ పాల్ నిర్మించిన రంగుల సినిమా డెస్టినేషన్ మూన్‌కు అయిన ఖర్చు దీనికి ఆరు రెట్లు. చిన్న సినిమా పెద్దదాని కంటే కొన్ని వారాల ముందే థియేటర్లకు వచ్చేసింది. సెట్టుకు డబ్బు లేకపోయినా కెమెరా దగ్గర నిలబడింది కార్ల్ స్ట్రస్, ఛాయాగ్రహణానికి ఇచ్చిన మొట్టమొదటి ఆస్కార్‌ను పంచుకున్నవాడు. సంగీతం ఫెర్డీ గ్రోఫే, అందులో థెరెమిన్ అనే, ముట్టుకోకుండానే చేతులు ఆడించి వాయించే ఎలక్ట్రానిక్ వాద్యం ఊళ వేస్తుంది. వెలుతురు, చప్పుడు ఈ రెండూ గట్టివాళ్ల చేతిలో ఉంటే ప్లైవుడ్ గోడలు కూడా నమ్మకంగానే కనిపిస్తాయి.

ఖర్చు నిజంగా తగ్గేది స్క్రిప్టులో. రాకెట్‌షిప్ ఎక్స్-ఎమ్‌లో చంద్రుడికని బయల్దేరినవాళ్లు దారి తప్పి అంగారకుడి మీద దిగుతారు. నిర్మాత కోణంలో చూస్తే ఇది బంగారం లాంటి మలుపు. చంద్రుడి మీద దిగితే ఒక్కొక్కరికీ పూర్తి స్పేస్‌సూట్, గాజు హెల్మెట్ కావాలి. అంగారకుడైతే ముక్కుకు మాస్కు, కళ్లద్దాలు, సైనికుల పాత సామాన్లలో దొరికే బట్టలు చాలు. అక్కడి గాలి ఎంత పలచనో 1965లో అమెరికా వ్యోమనౌక మారినర్-4 దాని పక్క నుంచి వెళ్లేదాకా తెలియలేదు కాబట్టి, 1950 నాటి కథలో మాస్కు పెట్టుకుని తిరగడం తప్పు కూడా కాదు. మీ కథను అటు తిప్పగలిగితే తిప్పేయండి. చంద్రుడే కావాలంటే బయట నడిచే సన్నివేశం ఒక్కటే ఉంచి, హెల్మెట్లు రెండే చేయించండి.

ఇక గది. పది అడుగుల పొడవు, ఎనిమిది అడుగుల వెడల్పు, అంతకు మించి వద్దు. రెండు అంగుళాలు బై అంగుళం రీపర్ల ఫ్రేము మీద 6 మి.మీ. ప్లైవుడ్. నాలుగు గోడల్లో రెండింటిని మేకులు కొట్టకుండా బోల్టులతో బిగించండి, కెమెరా ఎటు పెడితే అటు గోడ ఊడదీయడానికి. పైకప్పు మాత్రం సగమైనా వేయాలి. కప్పు లేని సెట్టులో కెమెరా కిందికి దిగలేదు. కింది నుంచి తీయకపోతే గది ఇరుకుగా అనిపించదు.

థర్మోకోల్ వాడతారు, తెలుసు. స్ప్రే పెయింట్ నేరుగా కొడితే అది కరిగి గుంటలు పడుతుంది. ముందు ఫెవికాల్‌లో కాస్త నీళ్లు కలిపి రెండు పూతలు వేసి, ఆరాక నీటితో కలిపే రంగు వేయండి. వెండి రంగు జోలికి పోవద్దు, పెళ్లి మండపంలా ఉంటుంది. మెరుపు లేని బూడిద రంగు వేసి, అంచుల దగ్గర చేతులు తగిలి అరిగినట్టు ముదురు రంగు గుడ్డతో అద్దండి.

మీటర్లు పాత ముల్లు రకానివే కావాలి. హైదరాబాద్‌లో అయితే కోఠి గుజరాతీ గల్లీ, రాణిగంజ్ తిరగండి, లేదంటే పాత ఇనుము కొట్లో మోటారు స్టార్టర్ల ప్యానెళ్లు అడగండి. 0 నుంచి 15 వోల్టుల డీసీ వోల్ట్‌మీటర్ అయితే 12 వోల్టుల అడాప్టర్‌కు 1 కిలో ఓమ్ పొటెన్షియోమీటర్ (తిప్పితే వోల్టేజీ పెరిగి తగ్గే మూడు కాళ్ల నాబ్) తగిలించి, దాని మధ్య కాలు నుంచి మీటరుకు వైరు ఇవ్వండి. గోడ వెనక ఒకడు కూర్చుని నాబ్ తిప్పితే ముల్లు లేస్తుంది. గదిలో ఇలా ప్రాణంతో కదిలే ముళ్లు మూడు ఉంటే చాలు, మిగతావి బొమ్మలైనా ఎవరూ కనిపెట్టరు. కుర్చీల విషయంలో 1953 నాటి క్యాట్-విమెన్ ఆఫ్ ద మూన్ చేసిన పని మాత్రం చేయకండి: రాకెట్‌లో చక్రాల ఆఫీసు కుర్చీలు! ఇంజిన్ మండితే ఎటు దొర్లిపోతారో అని ప్రేక్షకుడి ధ్యాసంతా వాటి మీదే. మీరు పాత కారు ముందు సీట్లు తెచ్చి నేలకు బిగించి, అడ్డంగా పట్టీలు కుట్టించండి.

భారరహిత స్థితి గురించి. మనిషిని తాళ్లతో వేలాడదీయాలని ఉంటుంది. ఆ పని తెలిసిన ఫైట్ మాస్టర్ బృందం, సరైన హార్నెస్ లేకుండా వద్దు. సోవియట్ దర్శకుడు పావెల్ క్లుషాన్‌త్సెవ్ 1957లో తీసిన నక్షత్రాలకు దారి అనే చిత్రంలో వాడిన ఉపాయం మాత్రం తెలుసుకోదగ్గది. నటుణ్ణి పైనుంచి వేలాడదీసి, కెమెరాను సరిగ్గా అతని కింద పెట్టి పైకి చూపించాడు. తాళ్లు మనిషి వెనకే దాగిపోతాయి. అలా తీయాలంటే సెట్టు మొత్తాన్ని నిలువుగా లేపి కట్టాలి. మీ డబ్బుకు అందని పని.

మీకు సరిపోయేవి ఇవి. నటుడు ఒంటికాలి మీద నిలబడి, రెండో కాలు ఫ్రేము బయట వెనక్కి చాపి, నడుము పై నుంచి మాత్రమే కనిపించాలి. కెమెరా నెమ్మదిగా అతను కదిలే దిక్కుకు ఎదురు కదలాలి. చక్రాల స్టూలు మీద పొట్ట ఆనించి ముందుకు జారడం కూడా బాగుంటుంది. అయస్కాంత బూట్లు డెస్టినేషన్ మూన్ నాటి చిట్కా: ఒక పాదం పూర్తిగా ఆనాకే రెండో పాదం మడమ దగ్గర నుంచి ఒలుచుకుని లేవాలి, చేతులు మాత్రం నీళ్లలో ఉన్నట్టు కాస్త పైకి తేలి ఉండాలి. దీన్ని రెండు రోజులు ప్రాక్టీసు చేయించండి, పైసా ఖర్చు లేదు. తేలే పెన్నుకు 4 మి.మీ. గాజు పలక. పెన్నును రెండు వైపులా అంటుకునే టేపుతో అతికించి, పలకను ఫ్రేము బయట నుంచి మెల్లగా తిప్పండి. అక్రిలిక్ షీటు అయితే దుమ్మును లాక్కుంటుంది, తుడిచేకొద్దీ ఇంకా ఎక్కువ. గాజులో ప్రతిబింబం పడకుండా కెమెరా వెనక నల్లగుడ్డ కట్టాలి.

గుట్టు బయటపెట్టేవి మాత్రం వేరే ఉంటాయి. జడ, మెడలో గొలుసు, హెడ్‌ఫోన్ వైరు, కుర్చీ నుంచి వేలాడే పట్టీ కొస. ఇవన్నీ నేల వైపు వేలాడుతుంటే మనిషి ఎంత బాగా తేలినా దండగే. జుట్టు బిగించి ముడి వేయండి, వైర్ల లోపల సన్నటి ఇనుప తీగ దూర్చి గాల్లో వంకరగా నిలబెట్టండి. రాకెట్‌షిప్ ఎక్స్-ఎమ్‌లో వస్తువులు తేలుతుంటే మనుషులు నేల మీదే ఉంటారు. దాన్ని ఇప్పటికీ ఎగతాళి చేస్తారు. ఇంకా తేలిక దారి కావాలంటే భారరహిత సన్నివేశాన్ని ఒకటిన్నర నిమిషంలో ముగించి, ఆ తర్వాత ఇంజిన్ మండుతూనే ఉందని ఒక డైలాగు పెట్టండి. ఇంజిన్ తోస్తున్నంతసేపూ బరువు ఉంటుంది, సైన్సు కూడా ఒప్పుకుంటుంది.

రాకెట్ మోడల్‌కు మంచి వార్త. రెండో ప్రపంచ యుద్ధం నాటి జర్మన్ రాకెట్ వి-2 వ్యాసం 1.65 మీటర్లు, పొడవు 14 మీటర్లు. ప్లంబర్ల దగ్గర దొరికే 110 మి.మీ. పీవీసీ గొట్టం సరిగ్గా దానికి పదిహేనో వంతు. పొడవు 93 సెంటీమీటర్లు వస్తుంది. గొట్టం నడుము వరకే పనికొస్తుంది, ముక్కును, తోక వైపు సన్నబడే భాగాన్ని వడ్రంగి దగ్గర తరిణి పట్టించాలి. వి-2నే ఎందుకంటే, ఆ చవక సినిమాల్లో చాలావాటిలో ప్రయోగ దృశ్యానికి అమెరికా సైన్యం తన ప్రయోగ కేంద్రం వైట్ శాండ్స్‌లో తీసిన వి-2 ఫిల్మునే వాడుకున్నారు. తంటా ఏమిటంటే నేల మీద నలుపు తెలుపు గళ్ల వి-2 లేస్తుంది, మరుసటి షాటులో ఇంకేదో రాకెట్ ఎగురుతుంది. అమెరికా ప్రభుత్వ ఉద్యోగులు విధుల్లో భాగంగా తీసిన ఫిల్ముకు అక్కడ కాపీరైట్ ఉండదు. మీరూ వాడొచ్చు గానీ, ముందు ఫిల్ము ఎంచుకుని, అందులోని గళ్లు చూసి మోడల్‌కు రంగు వేయండి. ఇస్రో దృశ్యాలైతే అనుమతి అడగాలి.

మోడల్ చిన్నదని దొరికిపోయేది వేగంలో. పొగ, దుమ్ము, పడే వస్తువు ఉన్న షాటును మోడల్ తగ్గింపుకు వర్గమూలం అన్ని రెట్ల వేగంతో తీయాలి. పదిహేనో వంతు మోడల్‌కు అది 3.9 రెట్లు, నాలుగనుకుంటే సెకనుకు 24 బదులు 96 ఫ్రేములు. చంద్రుడి మీద దిగే షాటు అయితే అక్కడి ఆకర్షణ ఆరో వంతు కాబట్టి పదిహేనును ఆరుతో గుణించి 90కి వర్గమూలం తీయండి, 9.5 వస్తుంది. ఫోనులోని 240 ఫ్రేముల స్లో మోషన్ దానికి సరిగ్గా సరిపోతుంది. దుమ్ముకు పౌడరు చల్లకండి, మబ్బులా లేస్తుంది. గాలి లేని చోట దుమ్ము విసిరిన రాయిలా వంపు తిరిగి పడిపోతుంది. జల్లెడ పట్టిన సన్న ఇసుక వాడండి. మనుషుల గెంతులకు 60 ఫ్రేములు, అదీ గెంతే షాటుకే. మాట్లాడే షాటుకు వాడితే అందరూ మత్తులో ఉన్నట్టుంటారు.

వెలుతురుకు లైట్లు అద్దెకు తెచ్చుకోకండి, ఎండను మించినది లేదు. వసారా నీడలో నల్ల వెల్వెట్ కట్టి, దానికి రెండు మీటర్ల ముందు ముంగిట్లో ఎండలో మోడల్‌ను వేలాడదీయండి. రాకెట్‌ను తలకిందులుగా కట్టి, ఎడిటింగులో ఫ్రేమును తిప్పేస్తే తాళ్లు కింది వైపుకు వస్తాయి, అటు ఎవరూ చూడరు. నైలాన్ దారం తళుక్కుమంటుంది, నల్ల మార్కర్ రుద్దండి. ఎండలో 96 ఫ్రేముల షాటుకు ఐఎస్ఓ 200, షట్టర్ 1/200, అపెర్చర్ ఎఫ్ 16 దగ్గర ముక్కు నుంచి తోక దాకా ఫోకస్‌లో ఉంటుంది. వెనక భాగం మసకబారితే అది బొమ్మేనని తెలిసిపోతుంది. ఈ ఒక్క పనికి పెద్ద కెమెరా కంటే ఫోను నయం, దాని చిన్న సెన్సర్‌కు ఫోకస్ లోతు ఎక్కువ. లోపల తీస్తే ఇంటి కరెంటు మీద నడిచే ఎల్‌ఈడీలు 240 ఫ్రేముల దగ్గర మినుకుమంటాయి. బ్యాటరీ లైట్లు వాడండి. తోక మంట పెడితే పొగ పైకి తిరిగి అల్లరవుతుంది. మోడల్‌ను ముక్కు కిందికి, తోక పైకి పెట్టి తీసి ఫ్రేమును తిప్పుకోండి.

చంద్రుడి నేలకు మన దగ్గర చక్కటి దారి ఉంది. ఎర్రమట్టి నేల మీద, నీలం తేరిన ఆకాశం కింద రంగుల్లో తీసి, బ్లాక్ అండ్ వైట్ చేసేటప్పుడు ఎరుపు ఛానెల్ మాత్రం ఉంచి నీలం తీసేయండి. ఎర్రమట్టి బూడిదలా తెల్లబడుతుంది, ఆకాశం నల్లబడుతుంది. సూర్యుడు పక్కన ఉండాలి, ఎదురుగా కాదు. దిగంతం దగ్గర మబ్బుపొర ఉంటే అక్కడ తెలుపు మిగిలిపోతుంది, అందుకే దిబ్బ ఎక్కిన మనిషిని కింది నుంచి తీయండి. రంగు ఛాయలు తక్కువగా నమోదయ్యే 8 బిట్ ఫుటేజీ అయితే ఆకాశంలో చారలు పడతాయి, 10 బిట్ దొరికితే అదే వాడండి. భీమిలి దగ్గరి ఎర్రమట్టి దిబ్బలు రక్షిత ప్రదేశం, అనుమతి లేకుండా వెళ్లొద్దు. ఊరి చివర మొరం తవ్విన గుంట, యజమానికి చెప్పి వాడుకుంటే చాలు. అంగారకుడైతే రాకెట్‌షిప్ ఎక్స్-ఎమ్‌లాగే ఆ భాగానికి మాత్రం ఎర్ర టింట్ వేయండి. వాళ్లకు అంగారకుడంటే కాలిఫోర్నియాలోని డెత్ వ్యాలీ ఎడారి, పైన ఆ టింట్, అంతే.

హెల్మెట్ విషయంలో ఒక్క హెచ్చరిక. మూసేసిన గోళంలో మనిషి వదిలిన గాలే మళ్లీ పీలుస్తాడు, తల తిరుగుతుంది. మెడ చుట్టూ కనీసం మూడు సెంటీమీటర్ల సందు, వెనక 5 వోల్టుల చిన్న కంప్యూటర్ ఫ్యాను, మూడు నిమిషాలకోసారి తీసేయడం. ఫ్యాను చప్పుడు మైకులో పడుతుంది, ఆ డైలాగులు డబ్బింగే. గాజు చెమ్మగిల్లకుండా గిన్నెల సబ్బు చుక్క రాసి పొడిగుడ్డతో తుడవండి.

డబ్బింగులో భూమి నుంచి వచ్చే గొంతును 300 నుంచి 3400 హెర్ట్జ్ మధ్యకు కత్తిరించండి. చంద్రుడి నుంచి అడిగిన ప్రశ్నకు జవాబు రెండున్నర సెకన్లు ఆలస్యంగా రావాలి. ఆ ఖాళీలో నటుడి ముఖం మీదే ఉండండి, కట్ చేయకండి.

షూటింగ్ వరుస: ముందు గది మూడు రోజులు, తర్వాత బయటి నేల ఒక రోజు. మోడల్ షాట్లు గది భాగం ఎడిట్ అయ్యాకే తీయండి. కిటికీలోంచి వెలుతురు ఎవరి ముఖం మీద ఎటు నుంచి పడిందో అప్పటికి తేలుతుంది, రాకెట్ మీద ఎండ కూడా అటు నుంచే పడాలి.